ఎనిమిది పౌండ్ల గిటారు – రంగు వెయ్యకముందు కథ

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేనో దుస్సాహసం చేసాను. మావాడికి (తొమ్మిదో తరగతి) ఎలక్ట్రిక్ గిటారు కావాలిట. కొనిపెట్టలేక కాదు గానీ, "అందులో ఏముందిరా, ఓ చెక్క, ఆరు తీగలు, నాలుగు అయస్కాంతాలు... మనమే చేసేద్దాం పద" అని ఇంజనీరు బుద్ధి చూపించా. ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చి దాచిన టేకు తలుపు చెక్క ఒకటి అటక మీద పడుంది. నెక్, పికప్పులు, తీగలు ఆన్‌లైన్లో తెప్పించి, ఆ చెక్కని గిటారు ఆకారంలో కోయించి, బాల్కనీలో బల్ల వేసి మొదలెట్టాం. రెండు ఆదివారాల్లో ఆకారం వచ్చేసింది. మూడో ఆదివారం లాకర్ కొట్టేసాం. ఇల్లంతా వాసన. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ.

ఆరాక చూద్దును కదా, చెక్క నిండా గీతలు! అడ్డంగా, ఐమూలగా, సున్నాలు చుట్టినట్టు. ముందురోజు చేత్తో తడిమితే అద్దంలా ఉన్న చెక్క మీదకి ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో అర్థం కాలేదు. లాకర్ డబ్బాని తిట్టుకున్నా. అమ్మినవాణ్ణీ తిట్టుకున్నా. మా అపార్ట్‌మెంటులో తలుపులు, కిటికీలు బాగుచేసే వడ్రంగి ఒకాయన పైకొచ్చినప్పుడు చూపించా. వేలితో ఓసారి రాసి చూసి నవ్వాడు. "రంగు దాస్తది అనుకున్నరా సారూ? రంగు చూపిస్తది" అని తన పని తను చూసుకున్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే ఎలక్ట్రిక్ గిటార్లు మొదట్లో ఎవరు, ఎలా చేసారో చదువుతూ కూచున్నా. చదివిన కొద్దీ నాకనిపించింది ఏమిటంటే, ఆ చరిత్రలో సగం ఈ వడ్రంగి ఒక్క ముక్కలో చెప్పేసాడు. మిగతా సగంలో ఓ తండ్రీ కొడుకూ ఉన్నారు. వాళ్ళ దగ్గరికి కాస్త ఆగి వెళ్దాం.

ముందు మా గీతల సంగతి. మేము 80 నంబరు గరుకు కాగితంతో మొదలెట్టి, ఓపిక చచ్చి ఏకంగా 240కి దూకాం. నంబరు ఎంత పెరిగితే గింజ అంత చిన్నదన్నమాట. ఒకప్పుడు ఆ గింజల్ని జల్లించే జల్లెడకి అంగుళంలో ఎన్ని కన్నాలు అన్నదాన్ని బట్టి పుట్టిన లెక్క అది. 80 కాగితం చెక్కని గబగబా తినేస్తుంది, పోతూ పోతూ లోతైన గాళ్ళు మిగులుస్తుంది. నేను 120 కాగితం పని చెక్కని నున్నగా చెయ్యడం అనుకునేవాణ్ణి. కాదు, 80 మిగిల్చిన గాళ్ళని చెరపడం దాని పని. 120 గాళ్ళని చెరపడం 180 పని. మధ్యలో ఒకదాన్ని ఎగ్గొడితే 240 పైపైన మెరుగు పెట్టి ఊరుకుంటుంది, అడుగున 80 గాడి పదిలంగా ఉంటుంది. ఒట్టి చెక్క మీద అది కంటికి ఆనదు. రంగో లాకరో పడగానే ఆ గాట్లోకి ఎక్కువ దిగుతుంది, పైన మెరుపొస్తుంది, గీత పైకి తేలుతుంది. నార వెంబడి కాకుండా అడ్డంగా రుద్దిన చోట మరీ ఘోరం, ఎందుకంటే అక్కడ పోగులే తెగి ఉంటాయి.

దీనికి పనివాళ్ళ దగ్గర చవకైన ఉపాయాలున్నాయి. చెక్క నిండా పెన్సిలుతో పిచ్చిగీతలు గీసి, అవన్నీ పోయేదాకా రుద్దడం. లైటార్పేసి పక్కనుంచి టార్చి వేసి చూడడం. ఆఖర్న తడిగుడ్డతో ఓసారి తుడిచి ఆరనివ్వడం. దాంతో నలిగి పడుకున్న పోగులు లేచి నిలబడతాయి, అప్పుడు సన్న కాగితంతో తేలిగ్గా ఓ చెయ్యి వెయ్యాలి. టేకు, మహాగని లాంటి చెక్కలకి సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి, అద్దంలాంటి నునుపు కావాలంటే రంగుకి ముందు వాటిని లప్పంతో పూడ్చాలి. ఇంకోటి, మూతికి మాస్కు తప్పనిసరి. చెక్క పొడి కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. మొదటి ఆదివారం మేమిద్దరం ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని చేసాం. తెలివితక్కువ పని.

అన్నట్టు, ఈ కాగితానికీ చరిత్ర ఉందండోయ్. లండన్‌లో జాన్ ఓకీ అనే ఆయన 1833లో గాజుపొడి అంటించిన కాగితం వ్యాపారం పెట్టాడు. అమెరికాలో 1902లో ఐదుగురు కలిసి మిన్నెసోటా రాష్ట్రంలో కురువిందం తవ్వుదామని కంపెనీ పెట్టారు. తీరా చూస్తే వాళ్ళకి దొరికింది కురువిందమే కాదు, అరగదీయడానికి పనికిరాని వేరే రాయి. చేసేది లేక గరుకు కాగితం తయారీలోకి దిగారు. ఆ కంపెనీయే ఇవాళ్టి త్రీ ఎం. ఓసారి స్పెయిన్ నుంచి ఓడలో తెప్పించుకున్న గార్నెట్ రాయి మీద ఆలివ్ నూనె ఒలికిపోయిందిట. ఆ సంగతి తెలీక కాగితాలు చేసి అమ్మేసారు. కొన్నవాళ్ళు రుద్దితే గింజలు రాలిపోయాయి. గొడవ అయ్యాక కారణం కనుక్కుని, 1916లో సరుకు పరీక్షించే లేబొరేటరీ పెట్టుకున్నారు. ప్రొడక్షన్లో బాంబు పేలాక క్యూఏ టీము పుట్టడం మన ఇండస్ట్రీతో మొదలైంది కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది.

1921లో ఆ కంపెనీయే నీళ్ళలో తడిపి వాడుకోగలిగే కాగితం తెచ్చింది. అది కనిపెట్టిన ఫ్రాన్సిస్ ఓకీ అనే ఆయనకి (పైన చెప్పిన ఓకీకీ ఈయనకీ ఏ చుట్టరికమూ లేదు) బ్లేడు బదులు దీంతో గడ్డం గీసుకోవచ్చనే నమ్మకం ఉండేదిట, సొంత మొహం మీద ప్రయోగం కూడా చేసాడు! గడ్డాల మార్కెట్ దొరకలేదు గానీ, కార్ల రంగుల వాళ్ళు ఎగబడి కొన్నారు. దాదాపు అదే కాలంలో డూపాంట్ కంపెనీ త్వరగా ఆరిపోయే నైట్రోసెల్యులోజ్ లాకర్ని కార్లకి తెచ్చింది. తడి కాగితం, త్వరగా ఆరే లాకర్. కార్ల కోసం పుట్టిన ఈ రెండూ తర్వాత గిటార్ల ఫ్యాక్టరీల్లో చేరాయి. 1950లు, 60ల నాటి ఫెండర్ గిటార్ల ఎరుపులు, నీలాలు చాలావరకు అప్పటి కార్ల రంగులే.

సరే, గిటార్లలోకి వద్దాం. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే గిటారిస్టు న్యూయార్కులో ఎపిఫోన్ ఫ్యాక్టరీ ఖాళీగా ఉండే ఆదివారాల్లో అక్కడ చేరి ఓ వింత వస్తువు చేసాడు. నాలుగంగుళాల పైన్ దుంగ, దాని మీద తీగలు, తనే చేసుకున్న పికప్పులు. దాని పేరు కూడా "లాగ్", అంటే దుంగే. ధ్వని తను కోరుకున్నట్టే వచ్చింది. కానీ దుంగ పట్టుకుని వాయిస్తే జనం పట్టించుకోలేదుట. ఓ మామూలు గిటారుని నిలువునా కోసి, ఆ రెండు సగాల్నీ దుంగకి అటూ ఇటూ రెక్కల్లా బిగించాక చప్పట్లు కొట్టారు. ఆ రెక్కల వల్ల ధ్వనిలో వచ్చిన తేడా పెద్దగా ఏమీ లేదని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆకారం అనేది మనిషి కంటికి, ఒంటికి సంబంధించిన విషయమని అప్పుడే తేలిపోయింది.

ఒంటికి సంబంధించిన సంగతి లియో ఫెండర్ దగ్గర బయటపడింది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు, గిటారు వాయించడం రాదు. 1950లో ఆయన మార్కెట్లోకి తెచ్చి, ఏడాది తర్వాత టెలీకాస్టర్ అని పేరు మార్చిన గిటారు చూడండి, పీటచెక్కకి తీగలు బిగించినట్టుంటుంది. తయారీ సులువు, రిపేరు సులువు. కానీ గంటల తరబడి వాయించేవాళ్ళకి దాని అంచు పక్కటెముకల్లో గుచ్చుకునేది, ముంజేతిని కోసేది. రెక్స్ గాలియన్, బిల్ కార్సన్ లాంటి వాద్యగాళ్ళు ఆ మాట మొహమ్మీదే చెప్పారు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో వెనక పొట్ట ఆనే చోట, ముందు ముంజెయ్యి ఆనే చోట చెక్కని ఏటవాలుగా అరగదీసారు. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ఒంపుని ప్రపంచమంతా కాపీ కొడుతూనే ఉంది. వాడుకరి చెప్పిన బగ్‌ని విని సరిచేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడండి.

అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో టాడియో గోమెజ్ అనే పనివాడు గిటారు నెక్కులకి ఆకారం ఇచ్చేవాడు. తను చేసిన నెక్ మడమ మీద పెన్సిలుతో రెండక్షరాలు, తేదీ రాసేవాడు. ఆ భాగం బాడీలోకి బిగించాక ఎవరికీ కనబడదు. విప్పితేనే తెలుస్తుంది. ఇవాళ పాత గిటార్లు కొనేవాళ్ళు స్క్రూలు విప్పి ఆ రెండక్షరాల కోసం వెతుక్కుంటారు. గిటారిస్టు ఎడమ అరచెయ్యి జీవితమంతా తిరిగేది ఆ నెక్ వెనక వంపు మీదే కదా. దాన్ని మిషను దగ్గర నిలబడి, చేతి అంచనాతో అరగదీసినవాడి పేరు మాత్రం కనబడని చోట రెండక్షరాలు.

ఇక వడ్రంగి మాటకి అచ్చమైన సాక్ష్యం గిబ్సన్ కంపెనీది. 1952లో వాళ్ళు తెచ్చిన లెస్ పాల్ గిటారుకి పైభాగం మేపుల్ చెక్క, దాని మీద బంగారు రంగు. బంగారు రంగు కింద ఏమున్నా కనబడదు కాబట్టి, రెండు మూడు చెక్క ముక్కల్ని అటూ ఇటూగా అతికించినా చెల్లిపోయేది. 1958లో ఆ రంగు తీసేసి, లోపలి చెక్క కనబడేలా పారదర్శకమైన సన్‌బర్స్ట్ రంగు మొదలెట్టారు. అంతే, ఆటలు కట్టు! ఒకే చెక్కని పుస్తకం తెరిచినట్టు రెండుగా చీల్చి, సరిగ్గా మధ్యలో జత కలపాల్సి వచ్చింది. ఒక రుద్దుడు తేడా వచ్చినా అందరికీ కనబడుతుంది. 1958-60 మధ్య చేసిన ఆ గిటార్లే ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

ఇవన్నీ ఫ్యాక్టరీల కథలు. నేను ఆగి వెళ్దామన్న తండ్రీకొడుకుల దగ్గర ఫ్యాక్టరీ లేదు. లండన్ శివార్లలో ఫెల్తమ్ అనే చోట ఓ మధ్యతరగతి ఇల్లు, అందులో వర్క్‌షాపుగా మార్చుకున్న ఓ చిన్న గది. తండ్రి హెరాల్డ్ మే, ప్రభుత్వ విమానయాన శాఖలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఇంట్లో వస్తువులు కొనడం కన్నా చేసుకోవడమే ఎక్కువ, వాళ్ళింట్లో టీవీ కూడా ఆయన చేసిందే. కొడుకు పేరు బ్రయన్, 16 ఏళ్ళు. వాడికి స్ట్రాటోకాస్టర్ కావాలి. 1959 దాకా ఇంగ్లండుకి అమెరికన్ గిటార్లు మామూలుగా దిగుమతే అయ్యేవి కాదు. తర్వాత వచ్చినా ఆ ధర ఆ ఇంటికి అందేది కాదు. 1963 ఆగస్టులో తండ్రీకొడుకులు చెయ్యడం మొదలెట్టారు. ఏడాదికి పైగా పట్టింది.

నెక్ కోసం ఎవరో తెలిసినవాళ్ళు పారేసిన పాత చలిమంట గూటి చట్రం దొరికింది. వందేళ్ళకి పైబడిన మహాగని. రాయిలా గట్టి, పైగా పురుగులు తొలిచిన కన్నాలు. ఆ కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చాడు. చిన్న చాకు, గరుకు కాగితం పట్టుకుని చేత్తోనే నెక్‌కి వంపు తెచ్చాడు. ఆ నెక్ మామూలు గిటార్ల కన్నా లావుగా, వెడల్పుగా ఉంటుంది. గుర్తుచుక్కల కోసం అమ్మ కుట్టుపెట్టెలోంచి ముత్యపుచిప్ప గుండీలు తీసుకుని అరగదీసాడు. బాడీ మధ్యభాగం పాత బల్ల తాలూకు ఓక్ చెక్క, మిగతాది బ్లాక్‌బోర్డు (నల్లబల్ల కాదండీ, ప్లైవుడ్‌కి అన్నగారు). అవి బయటికి కనబడకుండా పైనా కిందా పల్చటి మహాగని వెనీర్ అంటించారు.

ఆ వెనీర్ దగ్గర నేను కాసేపు ఆగిపోయా. మా టేకు దిమ్మ అయితే ఎన్ని తప్పులు చేసినా ఇంకాస్త రుద్దేయొచ్చు. వెనీర్ మందమెంత? రెండు రుద్దులు ఎక్కువైతే కింద బ్లాక్‌బోర్డు బయటపడుతుంది, ఇక అంతే. అంటే అది అంటించకముందే అడుగుపలకలో ఎత్తుపల్లాలన్నీ సరిచేసి ఉండాలి. తప్పు దిద్దుకునే అవకాశం ఆఖర్న ఉండదు, మొదట్లోనే ఉంటుంది. ఆపైన రస్టిన్స్ అనే కంపెనీ అమ్మే ప్లాస్టిక్ పూత పూతలుపూతలుగా వేసారు. ఆ ఎర్రటి మెరుపుని బట్టే దానికి "రెడ్ స్పెషల్" అని పేరొచ్చింది. మొత్తం ఖర్చు 8 పౌండ్లు అని ఇప్పటికీ చెప్పుకునే లెక్క.

మిగతా భాగాలూ ఇలాంటివే. తీగల సుతిని వణికించే మీట (ట్రెమొలో) కోసం పాత చాకు ఉక్కుని వాడిగా అరగదీసి, దాని అంచు మీద మొత్తం బ్రిడ్జి ఊగేలా పెట్టారు. తీగల లాగుడికి ఎదురుగా 1928 నాటి పాంథర్ మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు. మీట సైకిలు సీటు సంచీని మోసే కడ్డీ, దాని కొసన అమ్మ అల్లిక సూది తాలూకు ముక్క. గిటారు మీద బిగించకముందు వేరే చెక్క మీద అమర్చి పరీక్షించారు. పికప్పులు కూడా సొంతంగా అయస్కాంతాలతో చేసాడు గానీ, తీగని పక్కకి లాగి వాయిస్తే వింత శబ్దం వచ్చేది. పంతానికి పోకుండా బర్న్స్ కంపెనీ ట్రైసోనిక్ పికప్పులు మూడు కొని, వాటిలో అరాల్డైట్ పోసి బిగించాడు. ఎక్కడ సొంతంగా చెయ్యాలో, ఎక్కడ బయటిది తెచ్చుకోవాలో ఆ వయసుకే తెలిసిందంటే మెచ్చుకోవాలి. మనలో చాలామందికి పదిహేనేళ్ళ అనుభవం తర్వాత కూడా తెలీదు.

ఈ బ్రయన్ మే ఎవరో పాటలు వినేవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 1970లో క్వీన్ అనే బృందం మొదలెట్టినవాళ్ళలో ఒకడు. ఆ జట్టు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా, పార్సీ కుటుంబం. చదువుకున్నది మన పంచగని బోర్డింగు స్కూల్లో. 1975 నాటి "బొహీమియన్ రాప్సొడీ"లో గిటారు, 1985లో వెంబ్లీ మైదానంలో లైవ్ ఎయిడ్‌లో గిటారు, 2002లో బ్రిటిష్ రాణి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ పాలెస్ కప్పు మీద నిలబడి వాయించిన గిటారు... అన్నీ ఆ చలిమంట గూటి చెక్కే. 1998లో ఆస్ట్రేలియాకి చెందిన గ్రెగ్ ఫ్రయర్ దానికి మరమ్మతులు చేసాడు. దగ్గరదగ్గర అరవై ఏళ్ళపాటు ప్రపంచమంతా తిరిగిన ఓ పెద్ద గిటారిస్టు ప్రధాన వాద్యం ఇంట్లో చేసింది కావడం చిన్న విషయం కాదు.

ఇంతవరకూ అయితే ఇది మంచి ప్రేరణ కథ, ఫార్వర్డు మెసేజీల్లో వచ్చే రకం. నాకు గుచ్చుకున్నది దీని తర్వాతి భాగం.

బ్రయన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్సు చదివాడు. 1970లో అక్కడే పీహెచ్‌డీలో చేరాడు. సౌరకుటుంబంలో గ్రహాల మధ్య పరుచుకున్న దుమ్ము కదలికల మీద పరిశోధన. పేరున్న పత్రికల్లో పేపర్లు కూడా వచ్చాయి. 1974 వచ్చేసరికి థీసిస్ వదిలేసి పూర్తిగా పాటల్లోకి వెళ్ళిపోయాడు. హెరాల్డ్ తట్టుకోలేకపోయాడు. అంత చదువు చదివించి, చేతికొచ్చిన కొడుకు రాక్ బ్యాండులో తిరగడమా! చాలాకాలం ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు. ఏ గిటారుకి తను పక్కన నిలబడి చెక్క పట్టుకున్నాడో, ఆ గిటారే కొడుకుని తీసుకుపోయింది.

ఇది మనకి కొత్త కథ కాదు. మన ఇళ్ళల్లో పేర్లు మార్చి వెయ్యొచ్చు. "సరదాకి ఏదైనా నేర్చుకో, కానీ చదువు తర్వాతే" అన్న మాట వినకుండా పెరిగినవాడు మన ఆఫీసుల్లో ఎవరైనా ఉన్నాడా? నా చిన్నప్పుడు ఇంటికి వడ్రంగి వస్తే, చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుని రాలే చెక్క పొరలు ఏరుకోవడానికి వెళ్ళేవాణ్ణి. "అక్కడేం పని, వెళ్ళి లెక్కలు చేసుకో" అని మా నాన్న కేకేసేవాడు. ఆయన తప్పూ లేదు. ఆ లెక్కలే ఈ ఫ్లాటు కొనిపెట్టాయి. కాకపోతే నలభై ఐదేళ్ళొచ్చాక గరుకు కాగితం నార వెంబడి రుద్దాలని ఇంకొకరు చెప్తే గానీ తెలీని చేతులు మిగిలాయి.

హెరాల్డ్ కథకి ఓ ముగింపు ఉంది. 1977లో క్వీన్ న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయిస్తుంటే, బ్రయన్ తల్లిదండ్రుల్ని అక్కడికి రప్పించాడు. అదీ కాంకర్డ్ విమానంలో. ఆ విమానాన్ని మంచులో, చీకట్లో దింపే పరికరాల మీద హెరాల్డ్ ఉద్యోగంలో పనిచేసాడు, ఎక్కే స్తోమతు మాత్రం ఎన్నడూ లేదు. ఆ రాత్రి కచేరీ చూసాక ఆయన కొడుకుతో చెయ్యి కలిపి, ఇప్పుడు నాకర్థమైంది అన్నాడని బ్రయన్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. హెరాల్డ్ 1988లో పోయాడు. ఆ తర్వాత, ముప్ఫై ఏళ్ళకి పైగా పక్కన పడేసిన థీసిస్‌ని బ్రయన్ మళ్ళీ తీసి, 2007లో అరవయ్యో ఏట పూర్తి చేసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. చెక్క దుమ్ములో మొదలైనవాడు ఆకాశపు దుమ్ము మీద పట్టా పుచ్చుకున్నాడు. చూడడానికి తండ్రి లేడు.

దీన్ని "చూసారా, మనసు చెప్పిన దారిలో పోతే అన్నీ దొరుకుతాయి" అని చదవడం నాకిష్టం లేదు. బ్యాండులు పెట్టి మునిగినవాళ్ళ లెక్క ఎవడూ రాయడు. హెరాల్డ్ భయం తండ్రిగా నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనదే. నేననేది వేరు. వదిలేసిన చదువుని మళ్ళీ మొదట్నించీ పట్టుకుని, మధ్యలో జరిగిన పరిశోధనంతా చదివి, తన పాత పని ఎక్కడ నిలబడుతుందో చూసుకుని పూర్తి చెయ్యడం అంటే 80 నుంచి 240కి దూకకుండా ప్రతి నంబరూ రుద్దడమే. ఆ ఓపిక ఆ చిన్న గదిలో, అగ్గిపుల్లలు దూర్చి కన్నాలు పూడ్చినప్పుడు తండ్రి పక్కన వచ్చిందే అని నా నమ్మకం. హెరాల్డ్ కొడుక్కి పనితనం నేర్పాడు. దాన్ని ఏ పనికి వాడాలో కూడా తనే చెప్దామనుకున్నాడు. మొదటిది తండ్రి చేతిలో ఉంది, రెండోది లేదు. పిల్లలున్న మనందరం పడే తగువు సరిగ్గా ఇక్కడే అనుకుంటా.

ఆఫీసు సంగతి ఒక్క ముక్క చెప్పి ముగిస్తా. డెమో రేపుందంటే ఇవాళ పైపైన ఓ పూత పూసి చూపించేస్తాం. క్లయింటు చప్పట్లు కొడతాడు. ఆర్నెల్ల తర్వాత లోడు పడ్డప్పుడు, ఎగ్గొట్టిన ప్రతి నంబరూ ఒక్కొక్కటే పైకి తేలుతుంది. అప్పుడు ఫ్రేమ్‌వర్కుని తిట్టుకుంటాం, నేను లాకర్ డబ్బాని తిట్టుకున్నట్టు. మీ అనుభవం వేరైతే చెప్పండి, సంతోషిస్తా.

ఇంతకీ మా గిటారు ఏమైందంటే, లాకర్ మొత్తం గీకి పారేసాం. మళ్ళీ 80 నుంచి మొదలెట్టి 120 అయింది. ఈసారి మాస్కులు పెట్టుకుని, పెన్సిలు గీతలు గీసుకుని, నార వెంబడి. మావాడు నాకన్నా బాగా చేస్తున్నాడు. నిన్న లైటార్పి టార్చి వేసి చూసి, "నాన్నా, ఇక్కడ ఇంకా గీత ఉంది" అని నేను వదిలేసిన చోటు పట్టుకున్నాడు. పదమూడేళ్ళ క్రితం వాడు నా వేలు పట్టుకుని నడిచాడు, నిన్న వాడు నా వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టాడు.

వచ్చే ఆదివారం 180 కాగితం మొదలెట్టాలి. అదే ఆదివారం పొద్దున్న వాడికి ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో టెస్టుంది, ఇప్పటికి రెండు ఎగ్గొట్టాడు. వాళ్ళ అమ్మ నా వైపు చూస్తోంది. వాడూ నా వైపే చూస్తున్నాడు. హెరాల్డ్ మే గురించి ఇంత రాసిన నేను ఏం చెప్పాలో తెలీక, "సాయంత్రం చేద్దాం లేరా" అన్నాను.

మీరైతే ఏమనేవారు?